ఎండ తరుగు

నా మూలంగా బీదర్ గంజ్‌లో ఒక కొత్త తరుగు పొద్దున పుట్టి సాయంత్రానికి పోయింది. దాని పేరు ఎండ తరుగు. దాన్ని పుట్టించిన పాపం నాదీ, సూర్యుడిదీ. సూర్యుణ్ణి పిలిపించి అడిగే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి నన్నే అడిగారు.

అప్పటికి మా రాష్ట్రం పేరు ఇంకా మైసూరే. నేను బీయస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. గంజ్ అంటే రైతులు బండ్ల మీద పప్పుగింజలు, జొన్నలు తెచ్చి అమ్ముకునే బజారు. అందులో మా నాయనకు అడితి దుకాణం ఉండేది. రైతు తెచ్చిన సరుకును కొనేవాళ్లకు అమ్మిపెట్టి, మధ్యలో తన వంతు తాను తీసుకోవడం ఆయన పని. ఇంట్లో తెలుగు, దుకాణంలో దక్కనీ, కాలేజీలో కన్నడం, పరీక్ష కాగితం మీద ఇంగ్లీషు. నాలుగింటిలోనూ నా నోటికి మంచి పేరు లేదు. ఎవరైనా కష్టపడి ఒక నాటకం నిలబెడితే, వెళ్లి దాని పందిరి గుంజ పీకేదాకా నాకు తోచేది కాదు. పక్కింటి కోడలికి దయ్యం పూనినప్పుడు, ఎన్నో క్లాసు దాకా చదివావని ఆ దయ్యాన్ని అడిగాను. అది ఆలోచనలో పడింది. మళ్లీ రాలేదు. కోడలు మాత్రం నాతో ఇప్పటికీ మాట్లాడదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే తెల్లవారుజామున తూర్పున తోకచుక్క కనిపించసాగింది. మాది ఎండాకాలం మిద్దెల మీద పడుకునే ఊరు. కళ్లు తెరిస్తే చాలు, ఎదురుగా అదే. తల నేల అంచుకు దగ్గరగా, తోక పైకి, చీపురు తిరగేసి పట్టుకున్నట్టు ఉండేది. మొదటి రెండు రోజులు అందరూ దానికి దండం పెట్టుకుని, లేచి పళ్లు తోముకోవడానికి వెళ్లిపోయారు. మూడో రోజు సేటు చూశాడు.

సేటుది మా పక్క మిద్దె. గంజ్‌లో అందరికన్నా ఎక్కువ సరుకు కొనేది ఆయనే, వ్యాపారుల సంఘానికి పెద్ద కూడా ఆయనే. మాలాగా తెలుగువాడే అయినా అందరికీ సేటు, భార్యకు కూడా. ఆయన మిద్దె గోడ పట్టుకుని చాలాసేపు చూసి, ఆ తోక గంజ్ వైపే తిరిగి ఉందనీ, అది ఎటు చూపిస్తే అటు నాశనమనీ ప్రకటించాడు. మూడు రోజులు గంజ్ మూసి శాంతి చేయించాలన్నాడు. చుట్టుపక్కల మిద్దెల మీది వాళ్లు దుప్పట్లు కప్పుకునే తలలు ఊపారు. సేటు గోదాములో కాలు పెట్టే చోటు లేకుండా శనగలు ఉన్నాయనీ, మూడు రోజులు కొత్త సరుకు దిగకపోతే వాటి ధర లేస్తుందనీ ఆ తోకచుక్కకు తెలిసి ఉండకపోవచ్చు.

నాకు గుంజ కనిపించింది. పీకాను.

తోకచుక్క తోక ఏ బజారు వైపూ చూడదనీ, ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉంటుందనీ చెప్పాను. సూర్యుడు ఇంకాసేపట్లో ఆ తల కింది నుంచే లేవబోతున్నాడు, అందుకే తోక ఇటు తిరిగి ఉంది. సూర్యుడి దగ్గరికి పోయేటప్పుడు తోక వెనక ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు తోకే ముందు నడుస్తుంది, నవాబుకు వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచి దర్బారు దాటే మనిషిలాగా. ఎందుకలా అంటే, కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొట్టు గాలికి పోతుంది కదా. తోకచుక్క నుంచి లేచే సన్నటి దుమ్ము ఆ పొట్టు. సూర్యుడి వెలుగు ఆ గాలి. వెలుగు తగిలిన ప్రతిదాన్నీ కొంచెం తోస్తుంది.

సేటు నా వైపు తిరిగాడు.

"వెలుగు నూకుతదా?"

"నూకుతది సేటూ."

"ఏది అడ్డమొస్తె దాన్నా?"

"దేన్నైనా."

ఆయన తల ఊపి మిద్దె దిగిపోయాడు. గంజ్ మూతపడలేదు, శాంతి జరగలేదు, ఆ పూట నేను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. గెలిచిన వాళ్లకు ఆకలి ఎక్కువ. ఓడినవాడు ఆ సమయంలో ఏం చేస్తున్నాడో గెలిచినవాడు చూసుకోడు.

ఇదంతా మా మిద్దె మీద వేపపుల్ల నములుతూ విన్నవాడు ఇంకొకడున్నాడు, మా మామ. అమ్మకు తమ్ముడు. మా ఇంట్లోనే ఉండేవాడు. గంజ్‌లో ఆయన తూకందారు. సరుకు రైతుది, కొనేది సేటు, కానీ బరువెంతో చెప్పే నోరు మాత్రం తూకందారుది. ఆ మాట పడ్డాక ఇద్దరూ ఒప్పుకోవాలి. పొద్దున మొదటి తూకానికి ముందు మామ ఖాళీ తక్కెడను అందరికీ చూపించేవాడు. దండె ఊగి ఊగి ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు, వీపు మీద బస్తాతో నిలబడ్డ హమాలీ అయినా సరే. ఆగాక "నిలవడ్డది" అనేవాడు. అప్పుడు లెక్క మొదలు. మొదటి తూకాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు. గంజ్‌లో అందరూ అలాగే అంటారు గానీ, మామ ఇంట్లో మొదటి రొట్టెను కూడా లాభం అనేవాడు.

ఆయనకు వేరే పని ఏదీ రాదు. ఒకసారి నాయన ఊరికి పోతూ ఆయన్ని దుకాణంలో కూర్చోబెడితే, బేరానికి వచ్చినవాడు అడిగిన వెంటనే అసలు ధర చెప్పేశాడు. మళ్లీ కూర్చోబెట్టలేదు. తూకందారు లైసెన్సు ఏటా కొత్తగా రాయించాలి, దాని మీద వ్యాపారుల సంఘం పెద్ద సంతకం ఉండాలి. ఆ ఏడు మామ కాగితం సంతకం కోసం పది రోజులుగా సేటు గల్లాపెట్టెలో పడి ఉంది. సంతకం పడకపోతే మామ చేతిలో తక్కెడ ఉండదు. చేతిలో తక్కెడ లేకపోతే, మామ రొట్టెలు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో కూర్చోవాలి.

రెండు రోజుల తర్వాత, కాలేజీకి ఆలస్యంగా పోవచ్చని నేను దుకాణం గడప మీద కూర్చుని ఉన్నాను. చిట్గుప్ప వైపు పల్లె నుంచి ఒక ముసలామె ఆరు బస్తాల శనగలు బండి మీద తనే తోలుకొచ్చింది. మాకు పాత మనిషి. మామను కొడుకా అంటుంది, నన్ను పిలవదు. హమాలీలు మొదటి బస్తాను పళ్లెంలోకి దించారు.

మా తక్కెడ ఎక్కడ ఉండేదో ఇక్కడ చెప్పాలి. దుకాణం ముందు రేకుల చూరు, ఆ చూరు అంచున మూడు వాసాలు కలిపి కట్టిన ముక్కాలికి తక్కెడ వేలాడుతుండేది. తూనికరాళ్లు పెట్టే పళ్లెం పడమట, రేకుల కింద నీడలో. సరుకు పళ్లెం తూర్పున, బయట, ఎండలో. నేను పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు.

దండె ఆగింది. మామ నోరు తెరవబోయాడు. కొనడానికి వచ్చి ఎదురుగా నిలబడ్డ సేటు చెయ్యి ఎత్తాడు.

"నీ అల్లుడే జెప్పిండు గదా, ఎండ నూకుతదని. సరుకు ఎండల ఉన్నది, రాళ్లు నీడల ఉన్నయి. నేను శనగలకు పైసలిస్త గాని, ఎండకెందుకియ్యాలె?"

గంజ్‌లో ఇంత మంచి ప్రశ్న అంతకుముందు ఎవరూ వేసి ఉండరు. మా క్లాసులో కూడా ఎవరూ వేయలేదు. రెండు రోజుల్లో సేటు నా మాటను నాకన్నా బాగా చదువుకున్నాడు. అందరూ నా వైపు తిరిగారు. కాదు అంటే భౌతికశాస్త్రానికి ద్రోహం, అవును అంటే మామకు ద్రోహం. నేను రెండూ కాకుండా, నూకుతుంది గానీ చాలా తక్కువ అన్నాను. బజారులో 'గానీ' తర్వాతి మాట ఎవరి చెవినా పడదని నాకు ఆ రోజే తెలిసింది.

సేటు తీర్పు చెప్పేశాడు. ఇకనుంచి బస్తాకు ఒక దోసెడు సరుకు ఎండ తరుగు కింద కొనేవాడిది. అప్పటికే బస్తాకు మచ్చు చూడటానికి ఒక దోసెడు, దుమ్ముకు ఒకటి, గుడి ధర్మానికి ఒకటి, ఊడ్చే ఆమెకు ఒకటి పోయేవి. దేవుడూ దుమ్మూ వరసలో కూర్చున్న చోట సూర్యుడికి ఒక పీట వేయడం పెద్ద కష్టం కాదు. మిగతా కొనుగోలుదార్లు వెంటనే న్యాయమే అన్నారు. ఒక హమాలీ అయితే, మధ్యాహ్నం పూట బస్తా ఎందుకు బరువెక్కుతుందో తనకు ఇన్నేళ్లకు అర్థమైందన్నాడు. నేను వాదించబోయాను. వాడి వీపు మీద అప్పుడు బస్తా ఉంది, కనుక వాదించలేదు.

ముసలామె బండి దిగి, కింద పెట్టిన బస్తా మీద కూర్చుంది.

"పొద్దు ఇటు మల్లినంక ఎండ రాళ్ల మీద పడుతది గదా సేటూ. అప్పుడు నాకు దోసెడు మల్లిస్తవా?"

నిజమే. మధ్యాహ్నం తిరిగితే ఎండ పడమటి నుంచి, దుకాణం పక్క సందులోంచి రేకుల కిందికి దూరి రాళ్ల పళ్లెం మీద పడేది, రేకుల నీడ వచ్చి సరుకు పళ్లెం మీద పరుచుకునేది. సేటు తడుముకోకుండా, సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుందనీ, ఏటవాలు దానికి నూకే బలం ఉండదనీ చెప్పాడు. ఏటవాలు కిరణాల సంగతి మా క్లాసులో సగం మందికి పరీక్షదాకా రాలేదు. ఈయనకు దోసెడు శనగల కోసం క్షణంలో వచ్చింది.

మామ అప్పటిదాకా దండెను వదల్లేదు. తక్కెడ ఏది చూపిస్తే తాను అదే చెప్తానన్నాడు. దోసెడు తగ్గించి చెప్పమంటే చెప్పనన్నాడు. సేటు కోప్పడలేదు. కోపం లేకుండానే, లైసెన్సు కాగితం తన పెట్టెలోనే ఉందనీ, మధ్యాహ్నంలోగా మామ నోట తరుగు తీసిన బరువు రాకపోతే సంతకం ఇంకో తూకందారు కాగితం మీద పడుతుందనీ చెప్పి, చాయ్ తాగడానికి వెళ్లాడు. మా నాయన గల్లాపెట్టె వెనక ఎంతో శ్రద్ధగా గోళ్లు చూసుకుంటున్నాడు.

నేను మామ దగ్గరికి వెళ్లి, అసలు లేదని చెప్పేస్తానన్నాను. అబద్ధమైతే అయింది.

మామ నన్ను చూడలేదు, దండెనే చూస్తున్నాడు. "లేదని జెప్పకు. ఉన్నదని జెప్పినవు గదా. ఎంత ఉన్నదో గది తే."

సైకిలెక్కాను.

మా ఫిజిక్స్ లెక్చరర్ ధారవాడ వైపు మనిషి. ఏదో తప్పు చేసినందుకు బీదర్ పంపారని ఆయన అనుకునేవాడు, ఏ తప్పో ఆయనకు చెప్పలేదు. నాతో సగం కన్నడం, సగం హిందీ మాట్లాడేవాడు. గంజ్‌లో వెలుగు తోపు గురించి గొడవ జరుగుతోందని చెప్పగానే ఆయన ముఖం తేటపడింది. బీదర్‌లో ఎవరో ఒకరు దీన్ని అడగాలని తాను ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నానన్నాడు. మామ ఉద్యోగం సంగతి చెప్పాను. అదంతా తర్వాత, ముందు నక్షత్రం లోపలికి పోదామన్నాడు. మధ్యాహ్నంలోగా బయటికి రాగలమా అని అడిగాను. వెలుగుకే అది సాధ్యం కాలేదన్నాడు.

సూర్యుడి నడిమధ్యలో పుట్టిన వెలుగు నేరుగా బయటికి రాదట. కొంచెం పోగానే ఏదో ఒక కణం దాన్ని పట్టుకుంటుంది, పట్టుకుని ఇంకో దిక్కుకు వదులుతుంది, అక్కడ ఇంకోటి పట్టుకుంటుంది. ఇలా అటూ ఇటూ తిరిగి పై అంచుకు చేరేసరికి వేల ఏళ్లు. అక్కడి నుంచి మనదాకా మాత్రం ఎనిమిది నిమిషాలే. నాకు ఇది కొత్తగా అనిపించలేదు. మా జిల్లా కచేరీలో కాగితం కూడా అంతే. ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి, అక్కడి నుంచి మళ్లీ మొదటి బల్లకు. రాష్ట్రాలు మారాయి, కచేరీ భాష ఉర్దూ పోయి కన్నడం వచ్చింది, కాగితం ఇంకా ఆ గదిలోనే ఉంది. తీరా బయటపడిందంటే బెంగళూరుకు ఒక్క రాత్రి బస్సు.

అలా పట్టుకుని వదిలిన ప్రతిసారీ వెలుగు తన శక్తిలో కొంత అక్కడ పంచుతుంది, కొంచెం బయటికి తోస్తుంది. నక్షత్రం తన బరువుతో తాను లోపలికి కుంగిపోతుంటే, లోపలి వేడీ వెలుగూ కలిసి బయటికి నెడతాయి. రెండూ సరిపోయినంతకాలం అది నిలబడుతుంది. సూర్యుడిలో ఆ మోసే పని చాలావరకు వేడెక్కిన వాయువుదే, వెలుగుది చేయూత మాత్రమే. సూర్యుడికన్నా ఎన్నో రెట్లు పెద్ద నక్షత్రాలలో మాత్రం వెలుగే పెద్ద హమాలీ. ఇంకా మితిమీరితే ఆ నక్షత్రం తన ఒంటి మీది పొరలను తానే ఊదేసుకుంటుంది. ఇదంతా చెప్తూ ఆయన బోర్డు మీద ఒక పెద్ద గుండ్రం గీసి, లోపలికి కొన్ని బాణాలు, బయటికి కొన్ని బాణాలు వేశాడు. అది అచ్చం మామ తక్కెడ. పళ్లేలు మాత్రం లేవు.

సార్, మా పళ్లెం రెండడుగుల వెడల్పు అన్నాను.

ఆయన నక్షత్రం లోపలి నుంచి అయిష్టంగా బయటికి వచ్చాడు. ఆ వెలుగే దూరం పోయిన కొద్దీ పలచబడుతూ మనదాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో రాశాడు, పెళ్లిలో విస్తళ్లు పెరిగిన కొద్దీ ఒక్కో విస్తట్లో పడే పప్పు తగ్గినట్టు. దాన్ని పళ్లెం వైశాల్యంతో హెచ్చించాడు. అప్పటికి అంకె బాగానే కనిపించింది, నాకు చెమట పట్టింది. తర్వాత దాని కింద వెలుగు వేగాన్ని రాసి భాగించాడు. అంతే, అంకె మొత్తం ఇంకిపోయింది. మిగిలింది మిల్లీగ్రాములో పదో వంతు.

గంజ్‌లో మిల్లీగ్రామును ఎవరూ చూడలేదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, కాలేజీ ఎదురుగా కిరాణా కొట్టుకు పరిగెత్తించి గసగసాలు తెప్పించాడు. కెమిస్ట్రీ ల్యాబులో అద్దాల పెట్టెలో ఉండే చిన్న త్రాసులో, నూరు గింజలు లెక్కపెట్టి ఇద్దరం తూచాం. ముప్పై మిల్లీగ్రాములు. అంటే పళ్లెం మీద పడే ఎండ మొత్తం బరువు, ఒక గసగసాల గింజలో మూడో వంతు. ఆ మాటను ఇంగ్లీషులో, పాత జవాబు కాగితం వెనక రాసి సంతకం చేసిచ్చాడు. పోయేటప్పుడు, కావాలంటే తాను గంజ్‌కు వచ్చి నక్షత్రాల గురించి కూడా చెప్తానన్నాడు. ఇవాళ వద్దు సార్ అన్నాను. చిన్నబోయాడు.

నేను వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి చేరబోతున్నాడు. మామ దండె దగ్గరే ఉన్నాడు. ముసలామె బస్తా మీదే ఉంది. రోడ్డు మీద ఇంకో తొమ్మిది బండ్లు ఆగి ఉన్నాయి, వాటి వెనక సేటు సరుకు ఎక్కించుకోవాల్సిన లారీ. నేను గసగసాల పొట్లం విప్పి, లెక్క మొత్తం చదివాను. మూడు బస్తాలకు ఒక గింజ. అందరూ నవ్వుతారనుకున్నాను.

సేటు ఒక్కడే మాట్లాడాడు. "చిన్నదో పెద్దదో. ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"ఉన్నదంటె తరుగున్నది."

కొనుగోలుదార్లు మళ్లీ న్యాయమే అన్నారు. నా చేతిలో లెక్చరర్ సంతకం ఉంది. దాన్ని నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పుడు మామ దండె వదిలి నా దగ్గరికి వచ్చి పొట్లం తీసుకున్నాడు.

"సరే సేటూ. తరుగు తీస్త."

ముసలామె ముఖం పక్కకు తిప్పుకుంది. నాకు మామ మీద జాలి వేసింది. జాలి పడాల్సింది ఎవరి మీదో అప్పటికి తెలియదు.

మామ మొదట చీపురు తెప్పించి రెండు పళ్లేలూ తుడిచాడు. తడిగుడ్డతో మళ్లీ తుడిచాడు. ఆరేదాకా ఆగాడు. గసగసాల గింజలో మూడో వంతు చూడాల్సిన తక్కెడ మీద దుమ్ము ఉండకూడదు కదా. ఇద్దరు హమాలీలను పిచ్చుకలు తోలడానికి పెట్టాడు. దగ్గరగా నిలబడ్డ వాళ్లను పది అడుగులు వెనక్కి పంపాడు, శ్వాస తగులుతుందని. బస్తా ఎక్కించాక దండె ఆగింది. ఆగిందని అందరూ అనుకున్నాక, గాలి వచ్చిందని మళ్లీ మొదటికి వచ్చాడు. ఒక ఈగ రాళ్ల మీద వాలితే దాని కాళ్లకు ఏమైనా అంటుకుని పోయిందేమోనని రాళ్లు దించి, తుడిచి, మళ్లీ పెట్టాడు. ఎప్పుడో "నిలవడ్డది" అన్నాడు. "లాభం" అని బరువు చెప్పాడు, దోసెడు తగ్గించకుండా. రెండో బస్తాకూ అంతే. మూడో బస్తా అయ్యేసరికి సేటు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎండ నూకుతుందని అందరికన్నా ముందు ఒప్పుకున్న మనిషి, దాని కింద రెండు గంటలు నిలబడ్డాడు.

మూడు బస్తాలయ్యాక మామ వేలు నాలుకతో తడిచేసి, పొట్లం నుంచి ఒక్క గసగసాల గింజ అంటించి తీసి, సేటు అరచేతిలో పెట్టాడు.

"లాభం. ఎండ తరుగు, మూడు బస్తాలకు. చూసుకో సేటూ."

ఈసారి హమాలీలు నవ్వారు, పిచ్చుకలు తోలేవాళ్లు కూడా. సేటు చెయ్యి ముడుచుకున్నాడు.

అప్పటికి పొద్దు తిరిగింది. రేకుల కింద ఎండ నేల మీద పాకుతూ వచ్చి రాళ్ల పళ్లెం ఎక్కింది. సరుకు పళ్లెం నీడలోకి పోయింది. మామ నాలుగో బస్తా, ఐదో బస్తా, ఆరో బస్తా అంతే పద్ధతిగా తూచాడు. బయట బండ్లవాళ్లు ఎద్దులకు మేత వేసుకుని పడుకున్నారు. లారీ డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. హారన్ కొట్టినప్పుడల్లా దండె అదురుతోందని మామ తూకం ఆపేవాడు. ఆఖరికి మిగతా వ్యాపారులే వెళ్లి డ్రైవరు చేతులు పట్టుకున్నారు. ఆరో బస్తా దిగింది. మామ సేటు దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"ఇప్పుడు ఎండ రాళ్ల మీద ఉండె. ఈ మూడిట్ల పెద్దమ్మకు రావాలె. ఏటవాలు అంటివి గదా, నిండు గింజ అడుగను. గా గింజ తియ్యి, సగం జేద్దం."

సేటు అరచెయ్యి తెరిచాడు. గింజ లేదు. చెమట ఉంది. ఇంకో చెయ్యి తెరిచాడు. చొక్కా జేబులో చూశాడు. చొక్కా కొసలు దులపబోతే మామ ఆపాడు, కింద పడితే దొరకదని. హమాలీలు ఆయన కాళ్ల చుట్టూ కూర్చుని నేలంతా వెతకసాగారు, దొరకకూడదన్నంత జాగ్రత్తగా. గంజ్ పెద్దమనిషి, చేతులు రెండూ పైకెత్తి, కదలకుండా నిలబడి ఉన్నాడు. మామ ఇంకో గింజ తీసుకోవచ్చు, పొట్లం నిండా ఉన్నాయి. కానీ ఆ గింజ తాను ఇచ్చిన గింజ కాదట. అది దొరికేదాకా ఈ తూకం ముగియదట. తూకం ముగియకుండా ఇంకో బండి సరుకు తక్కెడ ఎక్కదట. వెనక తొమ్మిది బండ్ల సరుకు కొనాల్సిన వ్యాపారులు, పొద్దున రెండుసార్లు న్యాయమే అన్నవాళ్లు, ఇప్పుడు సేటును వేరే మాటలతో పిలవడం మొదలుపెట్టారు.

అప్పుడు, పొద్దుటి నుంచి పెదవి విప్పని మా నాయన గల్లాపెట్టె వెనక నుంచి అన్నాడు.

"తక్కెడ రెండు మూరలు లోపలికి జరిపితె అయిపాయె గదా. రెండు పళ్లాలు నీడలనే ఉంటయి."

ముసలామె నాయన వైపు చూసి, ఆ తెలివి పొద్దున ఏ సంతకు పోయిందని అడిగింది. నాయన మళ్లీ గోళ్లు చూసుకున్నాడు. ఎండ తరుగు నిలబడి ఉంటే ఆ దోసెడులో అడితి దుకాణానికి కూడా ఒక చారెడు వచ్చేదని నాకు తర్వాత తట్టింది. నేను సూర్యుడి దాకా వెళ్లి వచ్చాను గానీ గల్లాపెట్టె వెనక చూడలేదు.

నలుగురు హమాలీలు ముక్కాలిని ఎత్తి రేకుల కిందికి జరిపారు. చాయ్ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. తరుగు పోయింది. ముసలామె ఆరు బస్తాలకు పూర్తి బరువు తీసుకుని, బండి ఎక్కేముందు మొదటిసారి నాతో మాట్లాడింది. వచ్చే ఏడు తాను వచ్చేలోపు కొత్తదేమీ చదవొద్దంది.

మామ లైసెన్సు మీద సంతకం పడుతుందని నేననుకోలేదు. మర్నాడే పడింది. సేటు దాన్ని మా ఇంటికి మనిషితో పంపించాడు. మంచితనమని అమ్మ అంది. నేను ఇంకోలా లెక్కవేశాను. వేరే తూకందారు వస్తే మామ ఖాళీగా ఉంటాడు. ఖాళీగా ఉంటే గంజ్ నడిమధ్యలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ల ముందు ఆ గింజ అడుగుతాడు. తక్కెడ చేతిలో ఉన్న మామ మాత్రం తూకం వేళ వేరే మాట మాట్లాడడు. అయినా సేటు మా తక్కెడ పక్క నుంచి పోయినప్పుడల్లా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయేది. అది నేను చాలా ఏళ్లు చూశాను.

ఆ వారం చివర తెల్లవారుజామున మిద్దె మీద లేచేసరికి తోకచుక్క బాగా మసకబారింది. సేటు మిద్దె మీద ఎవరూ లేరు, ఆయన కింద పడుకుంటున్నాడట. మామ వేపపుల్లతో గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. లెక్చరర్ బోర్డు మీద గీసిన బొమ్మ సంగతి చెప్పాను. బరువు లోపలికి లాగుతుందనీ, వేడీ వెలుగూ బయటికి నెడతాయనీ, నక్షత్రమంటే ఒక పెద్ద తక్కెడ అనీ. మామ ఆసక్తిగా విన్నాడు. తూర్పున ఎర్రబడుతున్న చోటును చూస్తూ అడిగాడు.

"మరి మన సూర్యునిది నిలవడ్డదా?"

"నిలవడ్డది మామా. ఇంకో ఐదు వందల కోట్ల ఏండ్లు అట్లనే ఉంటది."

"ఎవరు జెప్పిన్రు?"

"మా లెక్చరర్."

మామ పుల్ల ఉమ్మేశాడు.

"ఆయన చూసినప్పుడు గాలి లేదు గదా?"